ఉతికిన టోపీ

డాక్టరమ్మ యెసేనియా గారికి,

మీ ఉత్తరం శనివారం అందింది. పంతులు గారు చదివి వినిపించారు. ఈ జవాబు కూడా ఆయన చేతే రాయిస్తున్నాను.

మా ఆయన సాటుర్నీనోను సైనికులు పట్టుకుపోయి ముప్పై ఎనిమిదేళ్ళు. సైనికులు జనాన్ని పూడ్చిన గుంటలో దొరికిన ఎముకల కోసం మీరు మా ఊరొచ్చినప్పుడు నా కదురు మీది ఊలు దారం విప్పి చూపించారు. "డీఎన్ఏ కూడా ఇలాగే రెండు పేటలమ్మా. ఒక పేట మిగిలితే చాలు, దానికి జత తయారవుతుంది. అలా ఇసుమంత దాన్నుంచి లక్షల నకళ్ళు తీస్తాం" అన్నారు. నా రక్తం మాత్రం వద్దన్నారు. ఆలిలో మగడి పోగు ఉండదట. ఆయన వైపు ఎవరూ మిగల్లేదు, మాకు పిల్లలు లేరు.

ఇప్పుడు ఆయన టోపీ ఉతక్కుండా పంపమంటున్నారు, లోపల వెంట్రుకలు ఉంటాయని.

మనిషి పోయిన ఐదో రోజున మేము ఆ మనిషి బట్టలు ఏటిలో ఉతుకుతాం. ఉతికితే పోయినట్టే. అందుకే ఇన్నేళ్ళూ ఆ టోపీకి నీళ్ళు తగలనివ్వలేదు. "కంపు కొడుతోంది, ఉతకవే పిచ్చిదానా!" అని పక్కింటి ఎర్లిండా వదిన తిట్టినా వినలేదు. ఆ కంపే నాకు ఆయన.

మీరు ఎముకలు పట్టుకెళ్ళిన ఐదో రోజున ఉతికేశాను. రాతి మీద బాది, సబ్బుతో, ఒక్క వెంట్రుక కూడా మిగలకుండా. మీరు కోప్పడినా పడతాను.

ఎవరివో తేలని ఎముకలు మిగిలితే నాకిప్పించండి. ఎవరి తలకైనా చలి చలే కదా. టోపీ ఆరింది.

ఇట్లు,
సాటుర్నీనో భార్య