గంటన్నర తేడా

అశోక్‌నగర్,
ఆదివారం

ప్రియమైన అక్కకు,

తమ్ముడు శీను దండాలు. నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వు, చిట్టి, మీ అత్తమ్మ బాగున్నారని తలుస్తున్నాను. హాస్టల్లో పప్పు నీళ్లలాగే ఉంది, అయినా కడుపు నిండుతోంది, దిగులు పడకు. పొద్దున్నే చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్లి కుర్చీ పట్టుకుంటున్నాను. చిట్టికి సుల్తాన్ బజార్‌లో గాజులు కొన్నాను. ఊరికి వస్తున్న యాదయ్య మామ చేతికి ఈ ఉత్తరంతో పాటు ఇస్తున్నాను.

ఫోన్లో చెప్పలేక రాస్తున్నానక్కా. నీ గొంతు వింటే నాకు నోరు పెగలదు. మీ ఆడబిడ్డ పెళ్లినాడు బావ విమానం ఆలస్యం కాలేదు. ఆలస్యమైంది నేను.

బావ పనిచేసే మస్కట్ మనకు రెండు వేల కిలోమీటర్ల పైమాటే అయినా విమానంలో మూడు గంటలే. బావకు సెలవు ఆఖర్న దొరికి, పెళ్లిరోజు పొద్దుటికే టికెట్ దొరికింది. అది నాకు పంపాడు. హైదరాబాద్‌లో దిగేది పదింటికని ఉంది. అక్కడికంటే మనం గంటన్నర ముందు కదా! పరీక్షల కోసం ఇలాంటి లెక్కలు వంద చేసినవాణ్ని, ఆ పదికి గంటన్నర కలిపేశాను. ఒంటిగంటన్నర ముహూర్తానికి అందుకుంటామనుకున్నాను. "బయట్నే ఉండు బావా, యాడికి కదలకు" అని పెద్ద మొనగాడిలా చెప్పాను.

పన్నెండింటికి కారుతో ఎయిర్‌పోర్టు చేరేసరికి బావ ఇస్త్రీ చొక్కాతో పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. అక్కడి సిమ్ము పనిచేయక ఎవరి ఫోన్ నుంచో నాకు రెండుసార్లు చేశాడట. కొత్త నంబరని నేనే కట్ చేశాను.

"టికెట్ మీద దిగే టైం మన దేశందే రాస్తరురా" అన్నాడు కారులో.

"మరి ఏదన్న బండి పట్టుకొని పోకపోయినవా బావా?"

"నువ్వు కదలకన్నవ్ కద. సదువుకున్నోనివి, లెక్క తప్పుతవా అనుకున్న. ఊకో, ఫ్లైట్ లేటని చెప్త తియ్."

మేం పందిరి దగ్గర దిగేసరికి ముహూర్తం దాటి పావుగంట. తండ్రి లేని ఆ పిల్లకు మీ ఇద్దరూ పీటల మీద కూర్చుని కన్యాదానం చేయాల్సింది. మీ చిన్నమామ పెళ్లికొడుకు కాళ్లు కడుగుతుంటే నువ్వు పందిరి గుంజ దగ్గర నిలబడ్డావట. వచ్చాక అందరి ముందూ బావను "ఒక్క దినం ముందు రాకపోతివా?" అని అడిగావు. బావ తల దించుకున్నాడు. నేను పక్కనే లడ్డూ తింటున్నాను.

ఆయన తిరిగి వెళ్లాక కూడా నువ్వు సరిగ్గా మాట్లాడటం లేదని విన్నాను. ఆ కోపం నాది అక్కా, నాకే ఇవ్వు. అత్తమ్మకు, ఆడబిడ్డకు నేనే వచ్చి చెబుతాను. అప్పటిదాకా దీవించమని అడిగే మొహం నాకు లేదు.

శుక్రవారం బావకు సెలవు. ఆయన ఎనిమిదింటికి చాయ్ తాగుతాడు, మనకప్పుడు తొమ్మిదిన్నర. ఈసారి కలపాల్సిన చోటే కలిపాను. ముందు నువ్వే ఫోన్ చెయ్యి.

తల ఎత్తలేని నీ తమ్ముడు,
శీను