వీపు చూడమన్న రోజు

జెనొవైతె వదినకు,

వానలు పడ్డాయి, మీరు మళ్లీ వరేనా అడవికి పుట్టగొడుగులకు వెళ్తున్నారని తెలిసి రాస్తున్నాను. మీ చెల్లెలు అల్దోనా గుండె ఆగి పోయిందని మీకు చెప్పాను. ఎందుకు ఆగిందో చెప్పలేదు.

ఆగస్టులో మీతో అడవికి వెళ్లొచ్చిన సాయంత్రం తను చొక్కా పైకెత్తి, "పిడుదులేమైనా పట్టాయేమో, వీపు చూడు" అంది. నేను బాస్కెట్‌బాల్ మ్యాచ్ మీదనుంచి కళ్లు తిప్పలేదు.

"ఏమీ లేవులే."

"అసలు చూశావా?"

"చూశాను."

మూడు వారాలకు జ్వరం, మెట్లెక్కితే ఆయాసం. పిడుదు కుట్టిందా అని డాక్టరమ్మ అడిగింది. "లేదండీ, మా ఆయన చూస్తాడుగా. ఆయన కంట పడకుండా ఏదీ పోదు" అని అల్దోనా గొప్పగా చెప్పింది. పక్కనే ఉండి నేను నోరు విప్పలేదు. జ్వరం మాత్రలతో పంపేశారు.

నాలుగో రోజు కుప్పకూలింది. పెద్దాసుపత్రిలో చొక్కా తీస్తే వీపు మీద అరచేయంత ఎర్రటి వలయం. అది పిడుదు కుట్టిన గుర్తని, దాంతో వచ్చే జబ్బు గుండెకు పాకిందని అన్నారు. ముందే తెలిస్తే మందులతో తగ్గేదట.

మీరు ఒంటరిగా ఉంటారు. అడవి నుంచి రాగానే పక్కింటావిడకు వీపు చూపించండి. కళ్లజోడు పెట్టుకుని చూడమనండి.

క్షమించమని అడగను. పోయే ముందు అల్దోనా నన్ను అడిగింది, "నువ్వు చూశావుగా, మరి ఇదెప్పుడు పట్టింది?" అని.

"తర్వాతెప్పుడో తోటలో పట్టి ఉంటుంది" అన్నాను.

"అంతే అయ్యుంటుంది" అంది. నా మాట నమ్మింది వదినా.

మీ మరిది