గాలి పట్టేంత గుడ్డ

ఆగ్రా

ప్రియమైన అమ్మకు, నీ సిద్దికా సలాం.

ఇక్కడ ఫోన్లు తీసి దాచేశారు, అందుకే ఉత్తరం. గుంటూరు కాలేజీ నుంచి ఎన్‌సీసీ క్యాంపుకి అని చెప్పి వచ్చాను. ఏ క్యాంపో చెప్పలేదు. చెబితే పంపేదానివి కాదు. ఇది విమానంలోంచి పారాచూట్‌తో దూకే శిక్షణ.

నాన్న నీళ్ళ ట్యాంకుకి రంగు వేస్తూ జారిపడి చనిపోయిన రోజు నుంచీ నువ్వు నన్ను డాబా కూడా ఎక్కనివ్వలేదు. కానీ అమ్మా, పడే వస్తువుకి గాలి ఎదురు వస్తుంది. వేగం పెరిగేకొద్దీ ఆ ఎదురూ పెరుగుతుంది. పారాచూట్ విచ్చుకుంటే, అంత పెద్ద గుడ్డకి గాలి అడ్డుపడి మన వేగాన్ని తగ్గిస్తుంది. ఇక అక్కడి నుంచి వేగం పెరగదు. ఛాతీ ఎత్తు గోడ మీంచి దూకినట్టు నేల తాకుతామట.

నన్ను రమ్మనకు. రాను.

నీ సిద్దికా


వేటపాలెం

నా తల్లి సిద్దికాకు,

నాకు పాఠం చెబుతున్నావా? రోజూ జీడిపప్పు చెరిగే చేతులే ఇవి. చేటలో ఎగరేస్తే పొట్టు గాలికి పోతుంది, పప్పు టపటపా కింద పడుతుంది. నువ్వు పొట్టువి కావు. మీ నాన్నా కాదు. ఆ రోజు నీ గాలి ఎక్కడికి పోయిందే? ఎందుకు అడ్డుపడలేదు?

"పైనుంచి పడితే ఎవరైనా పోతారమ్మా, రాత" అన్నాడు మీ నాన్నని ఆ ట్యాంకు ఎక్కించిన కాంట్రాక్టరు. ఆ రాతతో పందెం కాయకు. "నేను వెళ్ళి తీసుకొస్తానక్కా" అని ఇషాక్ మామ సంచి సర్దుకుని కూర్చున్నాడు. వాడు రాకముందే నువ్వే బయల్దేరు.

మీ అమ్మ షాజాదీ


ఆగ్రా

ప్రియమైన అమ్మకు,

మామని పంపకు. వస్తే ఒక్కడే తిరిగి వెళ్తాడు.

నిన్న దూకాను. విమానం తలుపు దగ్గర కళ్ళు మూసుకుని కాలు బయటికి వేశాను. రాయిలా కిందికి పోయాను. అంతలో వీపు మీది పట్టీ గట్టిగా ఒక్క గుంజు గుంజింది. పైన గుడ్డ విచ్చుకుంది. ఎవరో భుజాలు పట్టుకుని మెల్లగా దించుతున్నట్టు దిగాను. మోకాలు గీరుకుంది, అంతే.

గాలి ఎక్కడికి పోయిందని అడిగావు. ఎక్కడికీ పోలేదు. నాన్నకీ ఎదురొచ్చింది. కానీ ఆ కాస్త ఎత్తులో, ఒట్టి మనిషి ఒంటికి తగిలే గాలి ఏపాటి? అది రాత కాదమ్మా. నాన్న నడుముకి బెల్టు లేదు, కట్టుకోవడానికి తాడు లేదు. ఇక్కడ విమానం ఎక్కేముందు నా ఒంటి మీది ప్రతి పట్టీ లాగి చూశారు. ఒకటి విచ్చుకోకపోతే ఇంకొకటని ఛాతీకి రెండో పారాచూట్ కట్టారు. నాన్నకి తాడు కూడా ఇవ్వని మనిషి మాట పట్టుకుని నన్ను వెనక్కి రమ్మంటావా?

ఇంకా కొన్నిసార్లు దూకాలి, అవీ దూకుతాను. కోపమొస్తే రానీ.

నీ సిద్దికా


వేటపాలెం

నా మొండి సిద్దికాకు,

నీ ఉత్తరం చదివి నీమీద మండిపడ్డాను. తర్వాత ఆ కోపం పోవలసిన చోటికే పోయింది.

మార్కెట్ వెనక ట్యాంకుకి అదే కాంట్రాక్టరు మళ్ళీ రంగు వేయిస్తున్నాడు. మీ నాన్నతో పనిచేసిన వీరబాబు ఒట్టి చేతులతో నిచ్చెన ఎక్కబోతున్నాడు. వెళ్ళి అడుగుమెట్టు మీద కూర్చున్నాను.

"లేవమ్మా, పనికి అడ్డం" అన్నాడు కాంట్రాక్టరు.

"అడ్డంగానే కూర్చున్నా. తాడేది? బెల్టేది?"

"నీ మొగుడు పోయాడని ఊరి పనంతా ఆపుతావా?"

"ఆపుతా. ఎక్కాలంటే నన్ను తొక్కి ఎక్కమను."

జనం మూగారు. ఎవరు చెప్పారో, ఇషాక్ మామ నన్ను లేపి తీసుకెళ్దామని పరుగెత్తుకొచ్చాడు. వీరబాబు ఒట్టి నడుముకేసి చూశాడు. తర్వాత వచ్చి నా పక్కనే కూర్చున్నాడు. అది చూసి వీరబాబు రంగు డబ్బా కింద పెట్టేశాడు. "తాడు లేకుండా ఎక్కనండీ" అన్నాడు. అప్పటికే పైన ఉన్నవాళ్ళూ దిగిపోయారు. సాయంత్రానికి బెల్టులు వచ్చాయి, తాళ్ళూ వచ్చాయి.

నువ్వు దూకడం నాకిప్పటికీ ఇష్టం లేదు. అయినా రమ్మనను. చీరాల వైపు ఆ కాంట్రాక్టరుదే ఇంకో ట్యాంకు పని నడుస్తోందట. రేపు మామ బండి మీద అక్కడికి వెళ్తున్నాం. నువ్వు వచ్చేసరికి నేను ఇంట్లో లేకపోతే అన్నం వండి ఉంచు. ఆకలితో వస్తాను.

మీ అమ్మ షాజాదీ