పావువంతు తిప్పిన అద్దం

ధ్వనిని మించిన వేగంతో దూకే గాలికి ముప్పై ఒక్క ఏళ్లు ఫోటోలు తీసి రిటైరైన ప్రయోగశాల ఫోటోగ్రాఫర్‌నైన నేను, వయసు డెబ్బై నాలుగు, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా, నా చేత్తో రాసుకుంటున్న వీలునామా. ఇదివరకటివి చెల్లవు. ఆ గాలి పెట్టే కూతకు ఎడమ చెవి పోయింది. బుర్రకేమీ ఢోకా లేదు.

1. నా తదనంతరం నేనుంటున్న ఇల్లు మా తమ్ముడు సర్వహక్కులతో అనుభవించాలి. పెద్ద అద్దం జోలికి మాత్రం రాకూడదు. ఒకసారి దాన్ని ఒళ్లు తుడుచుకున్న తువ్వాలుతో రుద్ది, "ఎలా మెరుస్తోందో చూడక్కా" అన్నాడు. క్షమించాను, మరిచిపోలేదు.

2. కంటికి కనపడని గాలిని నా ఫోటోల్లో కనపడేలా చేసిన ఆ అద్దం, ప్రయోగశాల వేలంలో నేను కొన్నది, కింద చెప్పబోయే రెండు నెగటివ్‌లతో సహా మా చెల్లెలి కూతురికి దఖలు పడాలి. కళ్లజోళ్ల దుకాణం నడుపుతుంది, గాజును ఎలా పట్టుకోవాలో తెలిసిన పిల్ల. నా ఎర్ర ఉన్ని శాలువా కూడా దానికే. చిన్నప్పుడు అందులో దూరి నిద్రపోయేది. ఈ వీలునామా అమలు బాధ్యతా దానిదే.

3. మా అప్పటి డైరెక్టరు గారికి మొదటి నెగటివ్ ప్రింటు ఒకటి, కత్తిరించకుండా. గాలి పెట్టిన కూత వెనక్కి, గాలి బయటికి దూకే నాజిల్ మూతి దాకా వెళ్లి, ఆ గాలినే మళ్లీ కుదుపుతోందని అందులోని సన్నని వంపు గీతలు చూపిస్తాయి. "అది అద్దంలో లోపం, కత్తిరించెయ్యమ్మా" అన్నారాయన. నేను కత్తిరించలేదు. అద్దాన్ని పావువంతు తిప్పి మళ్లీ తీశాను. లోపమే అయితే గీతలూ అద్దంతోపాటు తిరగాలి. తిరగలేదు. అయినా ప్రయోగశాల నివేదిక నలభై ఒకటో పేజీలో "ఫోటోగ్రాఫర్ పొరపాటు" అని అచ్చేశారు. ఇరవై రెండేళ్లుగా ఆ మాట నన్ను తినేస్తోంది.

4. కాబట్టి మా పిల్ల ఆ నెగటివ్‌లు ప్రయోగశాలకు పట్టుకెళ్లి ఆ మాట కొట్టేయించాలి. కాదంటే అద్దం అప్పిచ్చి, మళ్లీ తిప్పి చూసుకోమనాలి. గీతలు తిరిగితే నెగటివ్‌లు తగలబెట్టి, నా తరఫున క్షమాపణ చెప్పేయవచ్చు. తిరగకపోతే క్షమాపణ వాళ్లు చెప్పాలి, అదీ అచ్చులో. చచ్చిపోయింది కదా, పోనిద్దూ అంటే కుదరదు.

5. మా ప్రయోగశాల కంప్రెసర్ ఆపరేటరుకు ఏమీ ఇవ్వడం లేదు. సాక్షి సంతకం చేసేవాడికి ఆస్తి ఇవ్వకూడదట. ఆ రెండో ఫోటోకు గాలి వదిలింది అతనే. ఉద్యోగం పోతుందని ఆ రోజు లాగ్‌బుక్కులో, గీతలు తిరగలేదని నేను రాసినదాని కింద సంతకం పెట్టలేదు. ఇద్దరు పిల్లల తండ్రి, ఏం చేస్తాడు పాపం! ఈసారి కాగితం నేనే తీసుకెళ్లి అతని ముందు పెడుతున్నాను.

తేదీ: 2019 మార్చి 11
(సంతకం) ఫోటోగ్రాఫర్

సాక్షులు:

1. పక్కింటి దర్జీ. ఆమె నా ఎదుటే సంతకం చేశారు.

2. కంప్రెసర్ ఆపరేటరు, రిటైర్డ్. ఆమె నా ఎదుటే సంతకం చేశారు. ఆ రోజు అద్దం తిప్పిందీ నా ఎదుటే. గీతలు కదల్లేదు.