తొంభై ఏడు పాయింట్ నాలుగు

చిన్నీకి,

అక్క ఆశీస్సులు. మేమంతా ఇక్కడ క్షేమం, నువ్వూ క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టాలి. మొదటి మాట నిజమే, ఒంటివరకు. నీ ఉత్తరం చదివాక రెండో మాట రాయడానికి మాత్రం సిగ్గేసింది. అందుకని నువ్వూ పాపా వేళకి ఇంత తింటున్నారని తలుస్తాను.

ఫోన్ చెయ్యక ఇదేమిటని అనుకోకు. నీ ఫోన్ మీ అత్తగారి గదిలో ఉంటుందనీ, మాట్లాడితే స్పీకర్ పెట్టమంటారనీ నువ్వే రాశావు. అదొక్కటే కాదులే. ఫోన్‌లో నేను పిరికిదాన్ని. అసలు మాట నోటిదాకా వచ్చేసరికి "సరేలే, మళ్ళీ మాట్లాడదాం" అని పెట్టేస్తాను. మూడు నెలలుగా అదే చేస్తున్నాను, నువ్వు గమనించావో లేదో.

నీ ప్రశ్నలకి ఒక్కొక్కటిగా జవాబు చెబుతాను. అమ్మ కన్ను బాగుంది. ఆపరేషన్ అయ్యాక నా దగ్గరికి తెచ్చుకున్నాను కదా, ఆ కన్నుతో ఇప్పుడు మా ఇంట్లో లేని దుమ్ము కూడా కనిపెడుతోంది. పాల ప్యాకెట్లు సబ్బుతో కడిగి, తుడిచి, మళ్ళీ కడుగుతుంది. కూరగాయలు ఉప్పునీళ్ళలో ఎంతసేపు నానబెడుతుందంటే, ఇక వంటలో ఉప్పు వెయ్యక్కర్లేదని మీ బావ వేళాకోళం. మాస్కు ఎప్పుడూ గడ్డం కిందే. తుమ్మొస్తే అది కూడా కిందకి లాగి తుమ్ముతుంది, మాస్కు తడిసిపోతుందట. మొన్న పేపరు ఇస్త్రీ చెయ్యమంది, వేడికి క్రిములు చస్తాయని. చేశాను. మొదటి పేజీ మూల కాస్త మాడింది. ఇస్త్రీపెట్టె చేతిలో పట్టుకునేసరికి మీ ఆయనే గుర్తొచ్చాడు, నా మరిది. మా బట్టల కంపెనీలో పదకొండేళ్ళు చొక్కాలు ఇస్త్రీ చేసినవాడు, తన చొక్కా మాత్రం నలిగిందే వేసుకొచ్చేవాడు.

వీధి సంగతి అడిగావు. కొట్టు ముందు సున్నంతో గుండ్రాలు గీశారు. మనిషికొక గుండ్రం. ఎవరైనా దగ్గితే చాలు, గుండ్రాలన్నీ ఖాళీ అయిపోతాయి, సరుకులు ముందు దగ్గినవాడికే దొరుకుతాయి. కింది వాటాలో టీచరమ్మకి గొంతునొప్పి అని తెలియగానే పైవాళ్ళంతా కూడి, ఆవిడ మెట్లు ఎక్కకూడదని తీర్మానించారు. ఆవిడ ఉండేదే కింద, మెట్లతో ఆవిడకేం పని? అయినా తీర్మానం తీర్మానమే. జబ్బు ఎలా తగ్గుతుందని ఒక్కరూ అడగరు చిన్నీ. ఎవరు తెచ్చారు? అది తేలాలి ముందు. అది తేలిపోతే అందరికీ ప్రాణం హాయిగా ఉంటుంది.

ఇక ఉత్తరం చివర, ఒక ప్రశ్న రాసి కొట్టేసి మళ్ళీ రాశావు. "అక్కా, ఆ సోమవారం పొద్దున ఆయన గేటు దగ్గరికి వచ్చినప్పుడు జ్వరం ఎంతుంది? నువ్వే కదా చూశావు. నిజం చెప్పు." అప్పటికే జ్వరం ఉంటే ఎవరి పాపమో, ఆ మధ్యాహ్నమే మొదలైతే ఎవరి పాపమో, నువ్వు వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటున్నావు. నువ్వు అమ్మ ఊరి నుంచి శనివారం సాయంత్రం బస్సు దిగావు. సోమవారం మధ్యాహ్నం ఆయన ఇస్త్రీ బల్ల దగ్గర కూలబడ్డాడు. తర్వాత నీకూ వచ్చింది. ఇంకేముంది, మీ అత్తగారికి లెక్క సరిపోయింది. వచ్చినవాళ్ళందరికీ "ఊళ్ళు తిరిగొచ్చి నా కొడుక్కి అంటించింది" అని చెబుతున్నారు. నీ కంచం వేరు, గ్లాసు వేరు, పడక వసారాలో. జబ్బు తగ్గి మూడు నెలలైనా కంచం మాత్రం వేరే.

జవాబు చెప్పాలంటే గేటు సంగతి ముందు చెప్పాలి. నన్ను గుండీల సెక్షన్ నుంచి గేటు దగ్గరికి మార్చినప్పుడు నీకు ఎంత గొప్పగా చెప్పానో గుర్తుందా? కుర్చీ, గొడుగు, చేతిలో జ్వరం చూసే గన్ను. అందరూ దాన్ని తుపాకి అనేవారు. నుదుటికి గురిపెట్టి నొక్కితే నంబరు వస్తుంది, దాన్ని రిజిస్టర్‌లో పేరు పక్కన రాయాలి. తొంభై తొమ్మిది దాటితే ఇంటికి పంపాలి. నా చేతిరాత బాగుంటుందని నాకే ఇచ్చారు. కంపెనీ ముందు ఒక బోర్డు పెట్టారు: "మా ప్రాంగణంలో నేటివరకు జ్వరం కేసులు: 0". ఆ సున్నా రోజూ పొద్దున్నే తుడిచి కొత్తగా రాసేదాన్ని నేనే.

నాలుగో వారంలో తుపాకి చచ్చిపోయింది. బ్యాటరీలు మార్చినా తెర మీద ఏమీ రాలేదు. సూపర్‌వైజర్‌కి చూపించాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, నా చేతిలోనే పెట్టి అన్నాడు: "కొత్తది తెప్పిస్తున్నాంలే అమ్మా. అందాకా మామూలుగా చూసినట్టు చూసి రాసెయ్యి. గేటు ఆపితే లైను ఆగిపోతుంది. జనం భయపడతారు."

రాసేశాను. పదహారు రోజులు. చచ్చిన తుపాకిని మూడొందల మంది నుదుళ్ళకి గురిపెట్టి, తెర వైపు చూసి, తల ఊపి, ఏదో ఒక నంబరు పైకి చదివి రాశాను. అందరికీ ఒకటే రాస్తే అనుమానం వస్తుందని మార్చి మార్చి రాసేదాన్ని. ఒకరికి తొంభై ఏడున్నర, ఒకరికి తొంభై ఆరు పాయింట్ తొమ్మిది. ఎవరూ కనిపెట్టలేదని లోపల కాస్త సంబరం కూడా ఉండేది. కత్తిరింపు సెక్షన్‌లో ఆరుగురు దగ్గుతున్నారని వినపడుతూనే ఉంది. దుమ్ము వల్ల అనుకున్నాను. అనుకోవడమేమిటి, అలా అనుకోవాలని అనుకున్నాను.

ఇప్పుడు నీ ప్రశ్న. సోమవారం ఎంతుందో నాకు తెలియదు. ఆ రోజు రిజిస్టర్‌లో ఉన్న నంబరు నేను వేసింది. కానీ నువ్వు అడగాల్సింది సోమవారం గురించి కాదు చిన్నీ. శుక్రవారం గురించి.

ఆ శుక్రవారం నువ్వు ఇంకా అమ్మ దగ్గరే ఉన్నావు. ఐదు రోజుల ముందే వెళ్ళావు. అసలు అమ్మ కంటి ఆపరేషన్‌కి వెళ్ళాల్సింది నేను. గేటు వదలడానికి వీల్లేదంటే "నువ్వు వెళ్ళవే" అని నిన్ను బస్సెక్కించింది కూడా నేనే. పొద్దున ఎనిమిదింటికి మరిది వరుసలో వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నా ముందు నిలబడి నవ్వుతూ అన్నాడు:

"వదినా, ఇవాళ కాస్త సరిగ్గా చూడు. రాత్రి నుంచి ఒళ్ళు వెచ్చగా ఉంది. ఎక్కువుంటే ఇంటికి పోయి పడుకుంటాను."

ఇంటికి పోతానన్నాడు. తనే అన్నాడు. నేను పోనియ్యాలి, అంతే. వెనక నలభై మంది ఉన్నారు. సూపర్‌వైజర్ పక్కనే నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. ఇస్త్రీ సెక్షన్‌లో అప్పటికే ఇద్దరు రాలేదు. నుదుటి మీద చెయ్యి వేసి చూసినా తెలిసిపోయేది, కానీ ముట్టుకోకూడదని మాకు రూలు. తుపాకి ఎత్తి, నొక్కి, ఏమీ లేని తెర చూశాను.

"తొంభై ఏడు పాయింట్ నాలుగు. బద్ధకం జ్వరం. వెళ్ళు వెళ్ళు."

"అయితే సరే. నువ్వు చెబితే ఇంకేం," అని లోపలికెళ్ళాడు.

శనివారం కూడా వచ్చాడు. "మాత్ర వేసుకున్నాను వదినా, తగ్గింది. చిన్నీకి చెప్పకు, అసలే ప్రయాణం చేసొస్తోంది, కంగారుపడుతుంది," అన్నాడు. చెప్పనన్నాను. ఆ మాట ఒక్కటి బాగా నిలబెట్టుకున్నాను. అదే సాయంత్రం నువ్వు సంచులు మోసుకుంటూ బస్సు దిగావు. నువ్వు ఆయనకి అంటించలేదు. ఆయన దగ్గరే నీకు అంటింది.

ఇంతవరకు రాసింది తప్పు. ఇకమీద రాసేది తప్పు కాదు, నీచం. ఆయన పోయిన నాలుగో రోజున మీ ఇంట్లో, నీ ఎదురుగా కూర్చుని, మీ అత్తగారు "బస్సులో ఎవరి పక్కన కూర్చుందో ఏమో" అంటే నేనేమన్నానో నీకు గుర్తుండే ఉంటుంది. "మాస్కు తీసి ఉంటుందండీ, దానికి చిన్నప్పటి నుంచీ ఊపిరాడదు" అన్నాను. నువ్వు తలెత్తి నా వైపు చూశావు. అక్క కూడా అంటోందంటే నిజమే కాబోలు అనుకున్నావు. ఆ క్షణంలో నాకు ఏమనిపించిందో రాస్తాను, చదువు. హాయి అనిపించింది. నీ మీద పడింది కాబట్టి ఇక నా మీద పడదు అనిపించింది.

ఉద్యోగం పోతుందని భయపడి దాచానని చెప్పుకుంటే కాస్త గౌరవంగా ఉంటుంది. అది సగమే. మిగతా సగం, మన ఇంట్లో ఎప్పుడూ మంచిదాన్ని నేను. తెలివి తక్కువదానివి నువ్వు. ఆ పేరు పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

గత నెల నాకు ప్రశంసాపత్రం ఇచ్చారు. ఒక్క కేసూ లేకుండా గేటు కాచినందుకు. మరిదికి ఇంట్లోనే అంటిందని కంపెనీ లెక్క, అందుకే సున్నా కదల్లేదు. దూరం దూరంగా నిలబడి చప్పట్లు కొట్టారు. తీసుకున్నాను.

నీ ఉత్తరంలో మిగతావన్నీ ఓర్చుకున్నాను. ఒక్క వాక్యం ఓర్చుకోలేకపోయాను. పాప నిన్ను అడిగిందన్నావే, "అమ్మా, నాన్నకి నువ్వే అంటించావా?" అని. నువ్వేమో "తెలియదమ్మా" అన్నావట. ఏడేళ్ళ పిల్ల. ఆ మాట నమ్మి పెరుగుతుంది.

మొన్న మంగళవారం, ఈ జరిగిందంతా కాగితం మీద రాసి మేనేజర్‌కి ఇచ్చాను. చదివాడు, మడిచాడు, చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. "అమ్మా, నంబర్లన్నీ నీ చేతిరాతలో ఉన్నాయి. తుపాకి పాడైందని మాకు రాతపూర్వకంగా ఎవరూ చెప్పలేదు. ఇది బయటికెళితే తప్పు చేసింది నువ్వొక్కదానివే అవుతావు. ఆలోచించుకో." ఆ మనిషి అబద్ధమేమీ చెప్పలేదు. బుధవారం నుంచి గేటు దగ్గర వేరే అమ్మాయి నిలబడుతోంది. నన్ను ఇంట్లో ఉండమన్నారు, మళ్ళీ పిలుస్తామన్నారు. బోర్డు మీద సున్నా ఆ అమ్మాయి రాస్తోంది. అమ్మకి నిన్న చెప్పాను. అప్పటి నుంచి నాతో మాట్లాడటం లేదు.

అదే మళ్ళీ ఇంకో కాగితం మీద రాసి, సంతకం చేసి ఇందులోనే పెట్టాను. మీ అత్తగారికి ఇవ్వు. నలుగురినీ పిలిచి చదివించుకోమను. నన్ను తిట్టాలనుకుంటే నా ఫోన్ నంబరు ఆవిడ దగ్గర ఉంది. ఇక నీ కంచం వేరే పెడితే, పాపని తీసుకుని ఇక్కడికి వచ్చెయ్యమని రాద్దామనుకున్నాను. ఏ మొహం పెట్టుకుని రాయను? అమ్మ ఇక్కడే ఉంది, అమ్మ దగ్గరికి రా. నేను ఎదురుపడకుండా ఉండగలను.

క్షమించానని మాత్రం రాయకు. నీది మెత్తటి గుండె, రాసేస్తావు. నేను దాన్ని ప్రశంసాపత్రం పక్కన పెట్టుకుంటానేమోనని భయం.

ఈ ఉత్తరం అందరికంటే ముందు పాపకి చదివి వినిపించు. కష్టమైన చోట ఆగు, కానీ వదిలెయ్యకు. నాన్న జ్వరమని చెప్పాడనీ, ఇంటికి వచ్చేస్తానన్నాడనీ, లేదు పనిలోకి వెళ్ళమని పంపింది పెద్దమ్మ అనీ చెప్పు. ఎవరిని ద్వేషించాలో దానికి సరిగ్గా తెలియనీ.

ఇట్లు,
పాప పెద్దమ్మ