గుడ్డ కట్టిన చెట్టు

ఆదివారం, మధ్యాహ్నం

చిరంజీవి తమ్ముడికి,

అక్క మనసారా దీవించి రాస్తున్న ఉత్తరం. మేమంతా క్షేమం, మీరూ క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టాలి. నాన్న అలాగే రాసేవాడు. కానీ ఇక్కడ క్షేమం ఏపాటిదో నీకు తెలియనిది కాదు. మరదలి నడుంనొప్పి తగ్గిందా? పిల్లదానికి ముందుపన్ను ఊడిందట కదా. భయపడొద్దని చెప్పు. పళ్ళ డాక్టరు దగ్గర ఇన్నేళ్ళుగా ఫోన్లు ఎత్తుతున్నాను, ఆ మాత్రం ధైర్యం చెప్పే హక్కు నాకుంది.

ఫోన్ చేయక ఈ ఉత్తరమేంటి అనుకుంటావు. ఫోన్లో నువ్వు నన్ను మాట పూర్తి చెయ్యనిస్తే కదరా! కిందటిసారి నేను హలో అనేలోపే ఆ చెట్ల మేస్త్రిని నోటికొచ్చినట్టు తిట్టి పెట్టేశావు. ముక్కు మీద కోపం, అదొక్కటే నాన్న దగ్గర్నుంచి నీకు పూర్తిగా వచ్చిన ఆస్తి. కాగితాన్నైతే మధ్యలో ఆపలేవు. కుదురుగా కూర్చుని చదువు.

విషయం ముందే చెప్పేస్తాను. మేస్త్రి మీద మున్సిపల్ ఆఫీసులో నువ్వు పెట్టిన ఫిర్యాదు వెనక్కి తీసుకోవాలి. వచ్చే వారం విచారణ. అందాకా అతని లైసెన్సు ఆపేశారు. నువ్వు పట్టు విడవకపోతే అది పూర్తిగా పోతుంది. ఈ వయసులో ఇంకో పని నేర్చుకుని బతకలేడు. ఎందుకు తీసుకోవాలో చివర్లో చెబుతాను. నువ్వు అప్పుడు ఇక్కడ లేవు కాబట్టి, ముందు జరిగిందంతా విను.

మన గేటు పక్కన ఉన్నది వీధి చెట్టు, వరండా ముందు ఉన్నది లోపలి చెట్టు. రెండూ నేరేడే, రెండూ ఒక ఈడువే, దూరం నుంచి చూస్తే కవలలు. ఇల్లు చూడ్డానికొచ్చి గదులు చూడకుండానే ఆ రెంటి కోసం బయానా ఇచ్చేశాడని అమ్మ నాన్నని ఎప్పుడూ ఎగతాళి చేసేది. పైపుల కోసం కాలువ తవ్వినప్పుడు వీధి చెట్టు వేళ్ళు ఒక పక్కవన్నీ తెగిపోయాయి. నాన్న లుంగీ ఎగ్గట్టి ఆ తవ్వేవాళ్ళ మీదికి వెళ్ళడం నువ్వూ చూశావు. ఇక అప్పట్నుంచీ ఆ చెట్టుకి చంటిబిడ్డకి చేసినట్టు చేశాడు. నీళ్ళు మాను మొదట్లో పోయనిచ్చేవాడు కాదు, కొమ్మల నీడ పడే అంచున పారించేవాడు. రాలిన ఆకు ఊడ్చి పారెయ్యకుండా చుట్టూ పరిచేవాడు. ఒకసారి నేను పనిమంతురాలిలా ఆకంతా తెచ్చి మానుకి ఆనించి కుప్ప పోశాను. నీకు మూతిదాకా దుప్పటి కప్పితే ఊపిరాడుతుందా అని నామీద అరిచాడు. మాను మొదలు ఎప్పుడూ గాలికి కనబడుతూ ఉండాలట. ఎదురింటివాళ్ళ ముందు నా పరువు తీశాడు.

ఆయన పోయాక నాకు తెలిసినంతలో అలాగే చేస్తూ వచ్చాను. అయినా ఈ వానలకి వీధి చెట్టు మొదట్లో పుట్టగొడుగులు లేచాయి. పైన చూస్తే ఆకు నిగనిగలాడుతోంది. నాకెందుకో మనసు కీడు శంకించి మేస్త్రిని పిలిచాను. నాన్న ఉన్నప్పుడు కొమ్మలు తగ్గించడానికి వచ్చేవాడే. కొయ్య సుత్తితో మాను చుట్టూ కొట్టుకుంటూ తిరిగాడు. గట్టిగా మోగాల్సింది ఖాళీ కుండలా మోగింది, నాకే వినబడింది. లోపలంతా డొల్ల, పెద్ద గాలొస్తే ఎదురింటివాళ్ళ పడగ్గది మీద పడుతుంది, తీసెయ్యక తప్పదమ్మా అన్నాడు. లోపలి చెట్టు మాత్రం రాయిలా ఉందనీ, ఇంటివైపు బరువు కొమ్మ ఒకటి తగ్గిస్తే మన మనవలు కూడా దాని కాయలు తింటారనీ చెప్పాడు.

అమ్మ ఏడ్చింది గానీ అడ్డు చెప్పలేదు. రెండోది ముట్టుకోరు కదా, ముట్టుకోరు కదా అని అతన్ని పదే పదే అడిగింది. ఎందుకో నీకు చెప్పాలా? ఆఖరి ఎండాకాలమంతా నాన్న మంచం ఆ చెట్టు కిందే. ఆయన పోయాక అమ్మ అక్కడే ఆయన కుర్చీ వేసుకుని కూరలు తరుక్కునేది. తరుగుతూ ఆయనతో మాట్లాడేది. నేను వినబడనట్టు ఇంట్లోకి వచ్చేసేదాన్ని.

మేస్త్రి తీసెయ్యాల్సిన చెట్టుకి పసుప్పచ్చ గుడ్డ కట్టి వెళ్ళాడు. నరికేవాళ్ళు వేరే మనుషులు, గుడ్డ కట్టిన చెట్టు కొట్టండి అని వాళ్ళకి చెబుతాడట. మర్నాడు వాళ్ళొచ్చారు. ఇతను ఇంకెక్కడో పనిలో ఉండిపోయాడు. దగ్గరుండాల్సింది, ఆ మాట నేనూ అంటాను. నేను క్లినిక్కులో ఉన్నాను. రంపం చప్పుడు వినలేనని అమ్మ వెనకగదిలో కిటికీలు మూసుకుని, రేడియో పెద్దగా పెట్టుకుని కూర్చుంది.

సాయంత్రం గేటు తీసేసరికి వీధి చెట్టు నా నెత్తి మీదే ఉంది. వరండా నిండా వెలుతురు. వాళ్ళు కొట్టేసింది లోపలి చెట్టుని తమ్ముడూ. అమ్మ దుంగల మధ్య చతికిలబడి ఉంది. ఏడవడం లేదు. నన్ను చూసి, ఆయన కుర్చీ ఎక్కడ వేసుకోనే అని అడిగింది. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి పడుకోబెట్టాను.

కబురు తెలిసి మేస్త్రి పరుగెత్తుకొచ్చాడు. గేటు బయటే తల పట్టుకుని కూలబడ్డాడు. నేను కట్టింది వీధి చెట్టుకే, నా పిల్లల మీద ఒట్టు అన్నాడు. నేను నమ్మలేదు. నువ్వూ నమ్మలేదు. తప్పు చేసిందే కాక అబద్ధం ఒకటా అని నువ్వు ఫిర్యాదు రాసి పడేశావు.

మొన్న మళ్ళీ వచ్చాడు. బతిమాలడానికి అనుకునేవు, అరవడానికి! నీ తమ్ముడికి కళ్ళు నెత్తికెక్కాయి అన్నాడు. నోరు మహా చెడ్డది, మంచివాడని నేను చెప్పను. కానీ అతను అబద్ధం ఆడలేదు.

గుడ్డ మార్చింది నేను. ఆ రోజు పొద్దున్న క్లినిక్కుకి బయల్దేరుతుంటే ముడి వదులై గుడ్డ కింద పడి ఉంది. బస్సు వెళ్ళిపోతుందన్న హడావిడిలో తీసి, చేతికి దగ్గరగా ఉన్న చెట్టుకి చుట్టి పరుగెత్తాను. ఏ చెట్టో చూసుకోలేదు. ఇన్నాళ్ళూ చెప్పడానికి నోరు రాలేదు. నా పొరపాటుకి అతని పొట్ట కొట్టకు. ఈ ఉత్తరం ఆఫీసులో ఇవ్వు, కింద నా సంతకం ఉంది. నన్నేం తిట్టాలనుకుంటావో తిట్టు, పడతాను.

వీధి చెట్టు గురువారం తీసేస్తున్నారు. అది ఎలాగూ నిలబడదు. ఇక రెండూ ఉండవు. ఇల్లు గుండు చేయించుకున్న మనిషిలా ఉంటుంది, వచ్చినప్పుడు ఉలిక్కిపడకు.

మరదలికీ పిల్లదానికీ నా ముద్దులు.

నీ తిట్లకీ నీ ప్రేమకీ కూడా అలవాటుపడ్డ,
అక్క

తా.క.: ఇది విడి కాగితం మీద రాస్తున్నాను. ఆఫీసులో ఇచ్చేది సంతకం ఉన్నది మాత్రమే. ఇది చదివి చించెయ్.

గుడ్డ మార్చింది నేను కాదురా. అమ్మ.

పెరట్లో విత్తనానికి వదిలే కాయకి అమ్మ గుడ్డపేలిక కడుతుంది కదా, ఎవరూ తెంపకుండా. అలా కట్టిన దోసకాయని తెంపి నువ్వు వీపు వాచేలా దెబ్బలు తిన్న రోజు నాకింకా కళ్ళకి కట్టినట్టుంది. అమ్మ లెక్కలో గుడ్డ కడితే, దాన్ని ఉంచమని. ఆ పొద్దున్న గుడ్డ వీధి చెట్టుకి ఉండడం చూసింది. అయ్యో, మేస్త్రి పొరబడ్డాడు, పోవాల్సినదాన్ని ఉంచమని కట్టాడు అనుకుంది. విప్పి తీసుకెళ్ళి నాన్న చెట్టుకి కట్టింది, ఊడిపోకుండా గట్టిగా. అప్పుడు నిశ్చింతగా లోపలికెళ్ళి రేడియో పెట్టుకుంది.

ఈ సంగతి తనే చెప్పింది నాకు, అన్నం తింటూ, మేస్త్రిని శాపనార్థాలు పెడుతూ. గుడ్డ మార్చి మరీ కట్టానే, అయినా కళ్ళు కనబడనట్టు కొట్టేశారు అంది. ఆ గుడ్డకి అర్థమేంటో తనకి ఈ రోజుకీ తెలియదు. నిజం రాసిస్తే ఆఫీసువాళ్ళు ఇంటికొచ్చి తననే అడుగుతారు. అందుకే నేను మార్చానని రాశాను. నువ్వొచ్చి వీధంతా వినేలా నన్ను దులిపెయ్యి, కానీ అమ్మ ముందు గుడ్డ మాట ఎత్తకు.

పలకరించడానికి వచ్చినవాళ్ళందరికీ అమ్మ ఒకటే చెబుతోంది. ఆయన చెట్టుని కాపాడ్డానికి నా చేతనైంది నేను చేశాను, నావల్ల లోపం లేదు అని. ఆ మాట చెప్పుకున్న రోజే ఆమె కాస్త అన్నం తింటోంది.