ఎదురు పరుగు

ప్రియమైన అమ్మకి,

క్షేమంగా చేరాం. దిగీ దిగగానే మా కోచ్ మేడమ్ అందరి ఫోన్లూ ఓ సంచిలో వేయించి బీరువాలో పెట్టి తాళం వేసేసింది. ఈ జాతీయ జూనియర్ హాకీ పోటీలు అయ్యేదాకా ఇంటికి ఏం చెప్పాలన్నా ఉత్తరమేనట. కొందరు గోల చేశారు. నాకైతే బాగానే ఉంది. ఫోన్‌లో నువ్వు "తిన్నావా" దాటి ముందుకు వెళ్ళవు.

హాస్టల్ గదిలో నలుగురం. మా గోల్‌కీపర్‌ని అందరూ గోడ అంటారు. ఆ గోడ తన ప్యాడ్లు మా కిటికీలోనే ఆరబెడుతుంది. ఆ కంపుకి మిగతా ముగ్గురం ముక్కు మూసుకుని పడుకుంటున్నాం.

ఇప్పటిదాకా అన్నీ గెలిచాం. వెనక డిఫెన్స్‌లో నేను బాగానే ఆడుతున్నట్టున్నాను, మేడమ్ ఇంకా తిట్టలేదు. నీకిచ్చిన మాట గుర్తుంది. అవతలివాళ్ళకి పెనాల్టీ కార్నర్ వచ్చి గోల్ మీదికి గట్టిగా కొట్టేటప్పుడల్లా నేను గోల్ పక్కనే ఉంటున్నాను. బంతికి ఎదురు పరుగెత్తే పని జింకది. పేరుకు తగ్గట్టే ఉంటుందా పిల్ల. నువ్వు బెంగ పెట్టుకోకు.

నీ ముద్దుల కూతురు

*

నా బంగారు పిడుగుకి,

నీ ఉత్తరం డిపోలో అందరికీ చదివి వినిపించాను. ప్యాడ్ల కంపు దగ్గర మా మెకానిక్కులు పొట్ట పట్టుకుని నవ్వారు. ఇక్కడ పాత బస్సుల సీట్లన్నీ విప్పి మళ్ళీ కుడుతున్నాం. రెగ్జిన్ కుట్టీ కుట్టీ నా వేళ్ళు కట్టెల్లా అయిపోయాయి. అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోకు.

మాట తీసుకున్నానని నా మీద కోపం ఉందేమో. ఆ రోజు మీ స్కూల్ గ్రౌండులో మీతో ఆడే పిల్ల ఒకతి కార్నర్‌కి ఎదురెళ్ళి, నోరంతా రక్తంతో, ఊడిన పళ్ళు చేతిలో పట్టుకుని వచ్చింది కదా. అవతలివాళ్ళు బలమంతా పెట్టి కొడుతుంటే వాళ్ళ మీదికే పరుగెత్తడమేమిటో నాకు అర్థం కాదు. ఇంట్లో ఉన్నది మనిద్దరం. నువ్వు ఆడు, గెలువు, ఎగురు, గెంతు. ఆ ఒక్క పనీ వద్దు.

వేళకి తిను.

మీ అమ్మ

*

అమ్మా,

క్వార్టర్ ఫైనల్ గెలిచాం కానీ జింక చీలమండ మెలిపడింది. బూటు పట్టనంత వాచింది. ఆదివారం సెమీఫైనల్. దాని తర్వాత వేగంగా పరుగెత్తేది నేనేనని, కార్నర్లకి నన్ను ముందు వెళ్ళమని మేడమ్ అడిగింది. అమ్మకి మాటిచ్చానని చెప్పాను. తిడుతుందనుకున్నాను. "మాట తీసుకున్నది అమ్మ కదా, అమ్మనే అడుగు" అంటూ బీరువా తీసి నా ఫోన్ ఇవ్వబోయింది.

నేనే వద్దన్నాను. ఫోన్‌లో నువ్వు ఏడుస్తావు, నువ్వు ఏడిస్తే నేనూ ఏడుస్తాను. ఉత్తరమైతే నిదానంగా ఆలోచించుకుంటావని ఇలా రాస్తున్నాను. ఆదివారంలోగా జవాబు రాకపోతే ఇంకొకరిని చూసుకుంటానని మేడమ్ అంది. నువ్వు వద్దన్నా ఎవరూ ఏమీ అనుకోరు. తొందరేమీ లేదమ్మా.

నీ పిడుగు

*

పిడుగూ,

తొందర లేదన్నావు గానీ, పోస్టులో వేస్తే ఇది ఆదివారానికి అందదు. అందుకే అటువైపు వచ్చే బస్సు డ్రైవరన్న చేతికిచ్చాను. నీ చేతికే ఇవ్వమని ఒట్టు వేయించుకున్నాను.

ముందు వద్దని రాద్దామనే కూర్చున్నాను. రాయబుద్ధి కాలేదు. కుట్టిన సీటు మీద ఒకసారి కూర్చుని చూడకుండా నేనెప్పుడూ బస్సుకి ఎక్కించలేదు. ఇదేమిటో తెలియకుండా వద్దనడం ఎలా? డ్యూటీ దిగాక తిన్నగా మీ డ్రిల్లు మాస్టారి దగ్గరికి వెళ్ళి, నన్నూ ఓసారి బంతికి ఎదురు పరుగెత్తించండి అన్నాను. పాపం, ఆయనకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నేను కదలకపోయేసరికి మాస్కూ ప్యాడ్లూ తొడిగి గోల్ గీత మీద నిలబెట్టారు. మెల్లగా కొట్టమని పిల్లలకి సైగ చేస్తుంటే చూసి, గట్టిగానే కొట్టండమ్మా అన్నాను.

మొదటిసారి నా కాళ్ళు కదల్లేదు. రెండోసారి సగం వెళ్ళి పక్కకి తప్పుకున్నాను. ఆ తర్వాత నా మీద నాకే కోపం వచ్చి కళ్ళు తెరుచుకుని వెళ్ళాను. బంతి తొడకి తగిలింది. ఇంత వాపు. డిపోలో అడిగితే బస్సు మెట్టు తగిలిందన్నాను.

నొప్పి ఉంది. కానీ భయమంతా గీత మీద నిలబడి ఉన్నంతసేపేనే తల్లీ. కాలు కదిపాక నాకు బంతి తప్ప ఇంకేమీ కనిపించలేదు. నీ మాట నీకు తిరిగి ఇచ్చేస్తున్నాను. వెళ్ళాలో వద్దో ఇక నువ్వే చూసుకో. మాస్కు పట్టీ మాత్రం బిగించి కట్టుకో.

కుంటుతూ, నవ్వుతూ,
అమ్మ

*

ప్రియమైన అమ్మకి,

నీ ఉత్తరం చూసి నీ మీద చాలా కోపం వచ్చింది. డ్రైవర్ మామయ్య గేటు దగ్గర హారన్ కొట్టి మరీ నన్ను పిలిపించాడు. మీ అమ్మ కుంటుతోంది, ఎందుకో చెప్పట్లేదు అన్నాడు. చదువుకుని, బాత్‌రూమ్ తలుపు వేసుకుని ఏడ్చాను.

ఫోన్ వద్దన్నది నీ ఏడుపుకి భయపడి కాదు. ఉత్తరమైతే ఆలస్యమవుతుందని. నీ జవాబు వచ్చేసరికి సెమీఫైనల్ అయిపోతుందనుకున్నాను. నువ్వు బస్సుకిచ్చి పంపుతావని నా బుర్రకి తట్టలేదు. భయం నాదమ్మా. ఆ పిల్ల పళ్ళు ఊడిన రోజు నువ్వు మాట అడిగితే నాకు ప్రాణం లేచొచ్చింది. అప్పట్నుంచీ ఎవరడిగినా మా అమ్మ ఒప్పుకోదంటూ నీ కొంగు చాటున దాక్కున్నాను. అందరూ నిన్నే పిరికిదనుకున్నారు, నేను అనుకోనిచ్చాను.

ఉత్తరం రాలేదని మేడమ్‌తో చెప్పేద్దామనుకున్నాను కూడా. నువ్వు ఆ గీత మీద నిలబడ్డావన్న సంగతి తలుచుకుంటే నోరు రాలేదు. వెళ్ళి చూపించాను. ఆమె చదివి, కళ్ళజోడు తుడుచుకుని, మాస్కు తెచ్చి నా చేతిలో పెట్టింది.

మొదటి కార్నర్‌కి నా కాళ్ళూ కదల్లేదు. గోల్ పడింది. గోడ నా వైపు చూసి, "తర్వాతిది మనదే" అంది, అంతే. రెండోదానికి వెళ్ళాను. బంతి నా స్టిక్‌కి తగిలి బయటికి పోయింది. ఆ తర్వాత ఒకటి మోకాలికీ తగిలింది, కానీ లోపలికి మాత్రం ఇంకోటి పోలేదు. మావాళ్ళు రెండు గోల్స్ కొట్టారు. గెలిచామమ్మా.

రేపు ఫైనల్. భయం పోయిందని చెప్పను. కానీ రేపు మేడమ్ తెచ్చి ఇచ్చేదాకా ఆగను. మాస్కు నేనే వెళ్ళి తీసుకుంటాను.

నీ కూతురు